తిత్తిలో గాలిని నిలిపి చూపిన రాబర్ట్ హుక్

హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి మీదుగా సేలం వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి తొప్పూరు దగ్గర కొండల నడుమ వాలుగా దిగుతుంది. ఆ కనుమ పేరు వినగానే లారీ నడిపేవారున్న ఇళ్ళలో గుండెలు ఝల్లుమంటాయి. బరువుతో దిగే లారీ అదుపు తప్పితే ఏమవుతుందో 2020 డిసెంబరులోను, 2024 జనవరిలోను అక్కడ జరిగిన ఘోర ప్రమాదాలు అందరికీ చూపించాయి. ధర్మపురి, సేలం నగరాల్లోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులే ఆ దారిలో గాయపడినవారికి దగ్గరి పెద్దాసుపత్రులు.

స్టీరింగు చక్రం ఛాతీకి బలంగా గుద్దుకున్న డ్రైవరు ఒక్కొక్కసారి మొదటి రోజు మాట్లాడుతూనే ఉంటాడు. మంచినీళ్ళు అడుగుతాడు, ఇంటికి ఫోను చేయమంటాడు. ఒకటి రెండు రోజులు గడిచేసరికి ఊపిరి అందక వెంటిలేటరు మీదకు వెళతాడు. నిన్న మాట్లాడిన మనిషి నేడు నోట్లో గొట్టంతో పడి ఉండడం చూసి, ఆ యంత్రమే ప్రాణం తోడేస్తున్నదని తలచి, గొట్టం తీసివేయమని పట్టుబట్టే బంధువులు మన పల్లెల్లో లేకపోలేదు. వారి దుఃఖాన్ని తప్పు పట్టలేము. కాని ఆ యంత్రం చేసే పనుల్లో ముఖ్యమైనది కంటికి కనిపించదు. అది దెబ్బతిన్న ఊపిరితిత్తిలో ఎప్పుడూ కొంత గాలిని ఒత్తిడితో నిలిపి ఉంచుతుంది. ఆ ఒత్తిడి తొలగిన మరుక్షణం తిత్తి ముడుచుకొనిపోవడం మొదలవుతుంది.

ఊపిరితిత్తిని గాలితో నిండుగా, కదలకుండా నిలిపి ఉంచినా ప్రాణం నిలుస్తుందని మూడున్నర శతాబ్దాల క్రిందట పండితసభలో చూపించిన వ్యక్తి పేరు మన బడిపిల్లలకు కొత్త కాదు. జీవశాస్త్రంలో కణానికి పేరు పెట్టిన వానిగా, భౌతికశాస్త్రంలో స్ప్రింగు సూత్రం చెప్పిన వానిగా వారు చదువుకునే రాబర్ట్ హుక్ ఆయనే. పరీక్షలలో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోయిన ఆయన జీవితంలో ఈ ఊపిరితిత్తుల కథను పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పవు.

హుక్ 1635 జూలై 18వ తేదీన ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న వైట్ ద్వీపంలో, ఫ్రెష్‌వాటర్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి జాన్ హుక్ అక్కడి చర్చిలో మతాచార్యుడు. పుట్టుకతోనే పిల్లవాడు బలహీనుడు కావడంతో బ్రతికి బట్టకడతాడన్న ఆశ తల్లిదండ్రులకు పెద్దగా ఉండేది కాదు. తరచూ తలనొప్పి రావడంతో చదువు కూడా సరిగా సాగలేదు. ఒంటరిగా కూర్చుని వస్తువులు విప్పడం, మళ్ళీ కూర్చడం ఆయన ఆటగా మారింది. ఒక పాత ఇత్తడి గడియారాన్ని విప్పి ఉండగా చూసి, అదే తీరున కర్రతో ఒక గడియారాన్ని చేసి నడిపించారట. 1648లో తండ్రి మరణించాడు. పదమూడేళ్ళ పిల్లవాడు తన వంతుకు వచ్చిన కొద్దిపాటి సొమ్ముతో లండను చేరి, కొన్నాళ్ళు ఒక పేరున్న చిత్రకారుని దగ్గర ఉండి, తరువాత వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో చేరాడు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు రిచర్డ్ బస్బీ శిష్యులను బెత్తంతో నడిపించడంలో ప్రసిద్ధుడు. ఈ గూని పిల్లవానిని మాత్రం ఆయన తన ఇంటిలోనే ఉంచుకుని చదివించాడు. పదహారేళ్ళ ప్రాయం నుండి వెన్ను వంగిపోవడం హుక్‌కు జీవితాంతం తోడుగా ఉన్న బాధ.

ఆక్స్‌ఫర్డుకు వెళ్ళిన తరువాత ఆయన చేతిపనితనాన్ని గుర్తించినవాడు రాబర్ట్ బాయిల్. బాయిల్ సంపన్నుడు, హుక్ ఆయనకు జీతం మీద పనిచేసే సహాయకుడు. గాజు పాత్రలోని గాలిని తోడివేసే పంపును 1659 ప్రాంతంలో బాయిల్ కోసం పనిచేసేలా తీర్చిదిద్దినది హుక్ చేతులే. ఆ పాత్రలో వెలుగుతున్న కొవ్వొత్తిని పెట్టి గాలి తోడితే దీపం ఆరిపోయేది. పక్షిని పెడితే అదీ తల వాల్చేది. దీపానికీ ప్రాణానికీ గాలిలో ఏదో ఒకటి ఉమ్మడిగా కావలసి ఉన్నదని అప్పుడే వారికి తోచింది. గాలి పీడనానికీ దాని పరిమాణానికీ గల సంబంధాన్ని 1662లో బాయిల్ ప్రకటించాడు. ఆ ప్రయోగాలలో హుక్ పాత్ర ఎంతో నేటికీ చరిత్రకారులు తర్కించుకుంటూనే ఉన్నారు.

1662 నవంబరులో లండను రాయల్ సొసైటీ హుక్‌ను తన ప్రయోగ నిర్వాహకునిగా నియమించింది. వారం వారం జరిగే సభలో మూడు నాలుగు కొత్త ప్రయోగాలు చేసి చూపించాలి. మొదట్లో జీతం కూడా లేదు. సభ్యులలో ఎవరికి ఏ సందేహం కలిగినా తీర్చవలసిన బాధ్యత ఆయనదే. నేటి మాటలలో చెప్పాలంటే ఒక పరిశోధనశాల మొత్తం ఒక్క మనిషి వీపు మీద నడిచింది. 1665లో వెలువడిన మైక్రోగ్రాఫియా గ్రంథంలో ఈగ కన్నునూ, అరచేతి వెడల్పును మించి పరచుకున్న నల్లి వంటి పురుగుల బొమ్మలనూ చూసి జనం విస్తుపోయారు. బెండు ముక్కలో చూసిన చిన్న చిన్న గదులకు ఆయన పెట్టిన పేరే నేటికీ నిలిచి, తెలుగులో కణమై మన పిల్లల పుస్తకాలకు చేరింది.

ఇక ఊపిరి విషయం. ఆనాటికి రక్తం శరీరంలో చుట్టి తిరుగుతుందని హార్వే 1628లో ప్రకటించి ఉన్నాడు. కాని ఊపిరి ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు లేదు. గుండె వేడిని చల్లార్చడానికి అని కొందరు, తిత్తులు కదులుతూ రక్తాన్ని ముందుకు నెట్టడానికి అని మరికొందరు అనేవారు. ఛాతీ తెరిస్తే జంతువు ఎందుకు వెంటనే చనిపోతుందో మాత్రం శరీరశాస్త్రజ్ఞులకు కొంత తెలుసు. అంతకు నూరేళ్ళ ముందే, 1543లో, వెసాలియస్ అనే మహాపండితుడు ఛాతీ తెరిచిన జంతువు శ్వాసనాళంలో రెల్లుగొట్టం పెట్టి ఊదితే ముడుచుకున్న తిత్తి మళ్ళీ లేస్తుందనీ, ఆగబోయిన గుండె తేరుకుంటుందనీ వ్రాసి ఉంచాడు.

1664 నవంబరులో హుక్ ఒక కుక్క ఛాతీని తెరిచి, దాని శ్వాసనాళానికి తిత్తిని అమర్చి, ఊదుతూ గంటకు పైగా దానిని బ్రతికించారు. ఇక్కడ మన భాషను ఒక్కసారి మెచ్చుకోవాలి. కమ్మరి కొలిమిలో నిప్పును రాజేసేదీ తిత్తే, మన ఎదలో ఊపిరిని ఆడించేదీ తిత్తే. హుక్ చేసినది సరిగ్గా అదే, ఒక తిత్తితో మరొక తిత్తిని నడపడం. ప్రయోగం నెగ్గింది కాని ఆయన మనస్సు విరిగిపోయింది. ఆ మూగజీవి పడిన బాధను తాను మరచిపోలేకపోతున్నాననీ, నొప్పి తెలియకుండా చేసే మత్తు ఏదైనా దొరికితే తప్ప మరల ఇటువంటి పనికి పూనుకోననీ బాయిల్‌కు జాబు వ్రాశారు. మత్తుమందు శస్త్రచికిత్సలోకి రావడానికి ఇంకా దాదాపు రెండు వందల సంవత్సరాలు పట్టింది. ఆ కాలపు పండితులలో జంతువు బాధను గురించి ఇలా వ్రాసినవారు అరుదు కనుక ఈ జాబును ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

అయినా సందేహం తీరలేదు. బ్రతికించినది గాలియా, తిత్తి కదలికా? సొసైటీ సభ్యులు పట్టు విడవలేదు. 1665లో లండనులో ప్లేగు, 1666లో నగరాన్ని బూడిద చేసిన మహాగ్నిప్రమాదం వచ్చిపడి మూడేళ్ళు గడిచాయి. చివరకు 1667 అక్టోబరులో రిచర్డ్ లోయర్ అనే వైద్యుని తోడుతో హుక్ సభముందు ఆ ప్రయోగాన్ని మరల చేశారు. ఈసారి ఉపాయం వేరు. రెండు తిత్తులను జోడించి, ఒకటి రెండవదానిని ఎప్పుడూ నిండుగా ఉంచేలా అమర్చారు. గాలి విడతలు విడతలుగా కాక ఆగని ధారగా ఊపిరితిత్తులలోకి సాగింది. లోపలికి వచ్చిన గాలి బయటకు పోవడానికి తిత్తుల పైపొరలో సన్నని మొనతో అక్కడక్కడ రంధ్రాలు పొడిచారు. ఊపిరితిత్తులు ఉబ్బి, నిండుగా, కొంచెమైనా కదలకుండా నిలిచాయి. కుక్క నిశ్చలంగా పడి ఉన్నది, దాని గుండె క్రమంగా కొట్టుకుంటూనే ఉన్నది. గాలిధార ఆపి తిత్తులు కుదించుకుపోనిస్తే ప్రాణి గిలగిలా కొట్టుకున్నది. మళ్ళీ గాలి నింపగానే తేరుకున్నది.

కదలిక కాదు, తాజా గాలి రక్తాన్ని తాకడమే ప్రాణాధారం అని దానితో తేలిపోయింది. తిత్తి తెరుచుకుని ఉండడమే ముఖ్యం అన్న రెండవ సంగతి కూడా ఆ ప్రయోగంలోనే దాగి ఉన్నది. కాని దానిని చికిత్సగా మార్చే ఆలోచన హుక్‌కు గాని, ఆ సభలోని వైద్యులకు గాని రాలేదు. ఆయన వైద్యుడు కాడు. పైగా అప్పటికే కాలిపోయిన లండను నగరాన్ని కొలిచి, వీధుల హద్దులు తేల్చే సర్వేయరు పని నెత్తిన పడింది. శిథిలాల నడుమ గొలుసు పట్టుకుని తిరుగుతూ ఇంటింటి తగవులు తీర్చారు. క్రిస్టఫర్ రెన్‌తో కలిసి నిర్మించిన 202 అడుగుల అగ్నిప్రమాద స్మారకస్తంభం ఇప్పటికీ లండనులో నిలిచి ఉన్నది. గాలిని గురించిన కుతూహలం మాత్రం చావలేదు. 1671లో మనిషి పట్టేంత పీపాను చేయించి, తానే లోపల కూర్చుని గాలి తోడించుకున్నారు. చెవులు నొప్పెట్టి, తల తిరిగి బయటకు వచ్చారు.

1678లో ఆయన స్ప్రింగు సూత్రాన్ని వివరంగా ప్రకటించారు. లాగిన కొద్దీ సాగుతుంది, ఎంత సాగితే అంత బలంతో వెనక్కు గుంజుతుంది అన్నదే దాని సారం. హుక్ దానిని ఊపిరితిత్తికి అన్వయించాడని చెప్పబోవడం లేదు. అయినా ఊపిరితిత్తి ముడుచుకోవడాన్ని అర్థం చేసుకోవడానికి ఆయన సూత్రమే మంచి మెట్టు.

మన ఊపిరితిత్తి సాగదీసిన రబ్బరు వంటిది. విడిచిపెడితే కుంచించుకుపోవడమే దాని స్వభావం. పక్కటెముకల గూడు దానికి వ్యతిరేకంగా బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. ఈ రెండు గుంజుళ్ళ నడుమ, తిత్తి చుట్టూ ఉన్న పలుచని పొరల సందులో పీడనం బయటి గాలి కన్నా తక్కువగా ఉండి, తిత్తిని గోడకు అంటిపెట్టి ఉంచుతుంది. విరిగిన ఎముక గుచ్చుకుని ఆ సందులోకి గాలి చేరితే తిత్తి మొత్తం గోడను విడిచి లోపలికి ముడుచుకుంటుంది. వైద్యులు ఛాతీ ప్రక్కన గొట్టం దించి సీసాలోకి ఆ గాలిని పంపించడం ఇందుకోసమే. ఇది ఒక రకం.

రెండవ రకం లోపలి నుండి వచ్చేది. మన ఊపిరితిత్తులలో 30 కోట్లకు పైగా సూక్ష్మమైన గాలి గదులున్నాయి. పుస్తకాలలో వీటిని వాయుగోణులు అంటారు. వీటి లోపలి తడి, తడిసిన పాలిథీన్ సంచి రెండు ప్రక్కలు అంటుకుపోయినట్టుగా, గోడలను ఒకదానికొకటి అంటించాలని చూస్తుంది. అలా జరగకుండా సబ్బునీటి వంటి గుణమున్న ఒక జిగురు పదార్థాన్ని ఊపిరితిత్తే స్రవిస్తూ ఉంటుంది. ఛాతీకి గట్టి దెబ్బ తగిలినప్పుడు రక్తము, నీరు ఆ గదులలోకి ఊరి, ఆ రక్షక పదార్థాన్ని పనిచేయనీయవు. గదులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. కమిలిన చోట నీరు ఊరడం గంటల తరబడి పెరుగుతూ పోయి, ఒకటి రెండు రోజులకు తీవ్రమవుతుంది. మొదటి రోజు మాట్లాడిన మనిషి తరువాత యంత్రం మీదకు వెళ్ళడానికి చాలాసార్లు కారణం ఇదే. ఆసుపత్రి చేసినది కాదు, తొప్పూరు వాలులో తగిలిన దెబ్బే లోపల నెమ్మదిగా తన పని చేసుకుపోయింది.

పూర్తిగా అంటుకున్న బెలూనును మొదట ఊదడానికి బుగ్గలు నొప్పెడతాయి, సగం ఊదిన బెలూనును ఇంకొంచెం ఊదడం తేలిక. అందుకే వెంటిలేటరు ప్రతి శ్వాస చివర గాలిని మొత్తంగా బయటకు పోనివ్వదు, కొంత ఒత్తిడిని తిత్తిలో మిగిల్చి ఉంచుతుంది. వైద్యులు దానిని పీప్ అని పొట్టిగా పిలుస్తారు. దాని కొలత ఎన్ని సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానమో అని. సామాన్యంగా 5తో మొదలుపెడతారు, అంటే సుమారు మూడు వ్రేళ్ళ మందం నీరు ఒత్తేంత. జబ్బు తీవ్రతను బట్టి 10కి, 15కి, ఒక్కొక్కసారి అంతకు మించి పెంచుతారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల ముక్కుకు గొట్టం అమర్చి, దాని రెండవ కొనను నీటి సీసాలో ముంచి బుడగలు వచ్చేలా చేసే చికిత్సను చూసినవారు ఉంటారు. గొట్టం ఎంత లోతు మునిగితే అంత ఒత్తిడి. అక్కడ జరిగేదీ ఇదే.

హుక్ ప్రయోగం నుండి ఇక్కడికి రావడానికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టింది? పద్దెనిమిదవ శతాబ్దంలో నీట మునిగినవారిని తిత్తులతో ఊది బ్రతికించే ప్రయత్నాలు ఐరోపాలో జోరుగానే సాగాయి. కాని 1820ల చివర లెరోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు, బలంగా ఊదితే ఊపిరితిత్తి చిరిగి ప్రాణి చనిపోతుందని చూపించాడు. దానితో తిత్తులు మూలపడ్డాయి. ఆయన హెచ్చరిక నిజమే, దానిని విన్నవారే హద్దు మీరి భయపడ్డారు. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు రోగుల గొంతులో గొట్టం అమర్చి, వైద్య విద్యార్థుల చేత రాత్రింబగళ్ళు రబ్బరు సంచులను పిండించి వందలమందిని కాపాడిన తరువాత లోకానికి మళ్ళీ నమ్మకం కుదిరింది. హుక్ కదలని తిత్తిని చూపిన 1667కు సరిగ్గా 300 సంవత్సరాల తరువాత, 1967లో, అమెరికాలోని డెన్వర్ నగర వైద్యులు ఆష్‌బా, పెట్టీ, వారి సహచరులు తీవ్రంగా ఊపిరాడని 12 మంది రోగుల వివరాలు ప్రకటించారు. వారిలో ఏడుగురు ప్రమాదాలలో గాయపడినవారు. ఎంత ప్రాణవాయువు ఇచ్చినా చాలనప్పుడు శ్వాస చివర ఒత్తిడిని మిగల్చడం మేలు చేస్తున్నదని వారు గమనించారు.

లెరోయ్ మాట కూడా వృథా పోలేదు. ఒత్తిడి ఎక్కువైతే బాగున్న గదులు ఉబ్బి దెబ్బతింటాయి, గుండెకు తిరిగి చేరే రక్తం తగ్గి బీపీ పడిపోతుంది. ఛాతీ సందులో గాలి చేరి ఉన్నవారికి గొట్టం దించకుండా యంత్రం పెడితే ముప్పు రెట్టింపవుతుంది. ప్రతి శ్వాసకు పంపే గాలిని, ఎత్తును బట్టి లెక్కగట్టిన శరీర బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల నుండి 6కు తగ్గిస్తే మరణాలు దాదాపు 40 శాతం నుండి 31 శాతానికి తగ్గాయని 2000వ సంవత్సరంలో అమెరికాలో 861 మంది రోగులపై జరిగిన పరీక్ష తేల్చింది. తక్కువ గాలి, తగినంత నిలిచే ఒత్తిడి. నేటి చికిత్స ఈ రెంటి మీదనే నడుస్తున్నది. 2020, 2021లలో కరోనా వచ్చినవారికీ ఇదే మార్గం అయింది.

వెంటిలేటరు ఊపిరితిత్తిని నయం చేయదు. శరీరం తనను తాను బాగుచేసుకునేదాకా గడువు ఇస్తుంది. కొందరికి ఆ గడువు చాలదు, ఆ మాట దాచడం న్యాయం కాదు. కాని గొట్టాన్ని కొద్ది సేపు విడదీసినా, ఎంతో కష్టం మీద తెరుచుకున్న గదులు నిమిషంలోపే మళ్ళీ మూసుకోవచ్చు. నర్సులు ఆ అతుకును ఊరికే ఊడదీయనివ్వకపోవడానికి కారణం అది. బంధువులు వైద్యుని దగ్గరకు వెళ్ళి పీప్ ఎంత ఉన్నది, నిన్నటి కన్నా తగ్గిందా పెరిగిందా అని అడగవచ్చు. అంకె తగ్గుతూ వస్తూ, ప్రాణవాయువు అవసరం కూడా తగ్గుతున్నదంటే తిత్తి తనంతట తాను నిలబడడం నేర్చుకుంటున్నదని అర్థం.

హుక్ చివరి రోజులు సుఖంగా గడవలేదు. 1672లో వెలుతురు రంగుల విషయమై ఐజాక్ న్యూటన్‌తో మొదలైన వైరం, గురుత్వాకర్షణ సూత్రంలో తన భాగాన్ని న్యూటన్ గుర్తించలేదన్న మనస్తాపంతో ముదిరింది. హుక్ కోరినంత వాటా ఆయనకు చెందదనీ, దక్కినంత తక్కువా ఆయనకు న్యాయం కాదనీ ఈ వ్యాసకర్త అభిప్రాయం. 1687లో తన ఇంట పెరిగిన అన్నకూతురు గ్రేస్ మరణించడంతో ఆయన మరింత కుంగిపోయారు. కళ్ళు మసకబారి, కాళ్ళు వాచి, గ్రెషమ్ కళాశాలలోని తన గదిలో 1703 మార్చి 3వ తేదీన కన్నుమూశారు. పిసినారిగా బ్రతికిన ఆ మనిషి గదిలో వేల పౌండ్ల సొమ్మున్న ఇనుప పెట్టె బయటపడింది. అదే సంవత్సరం న్యూటన్ రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. హుక్ రూపాన్ని నిశ్చయంగా చూపే చిత్రపటం ఒక్కటి కూడా నేడు మిగలలేదు. న్యూటనే దానిని మాయం చేశాడన్న కథ ప్రచారంలో ఉన్నది గాని దానికి ఆధారం లేదు.

2005లో వెస్ట్‌మినిస్టర్ మఠాలయంలో, ఆయనను ఇంట ఉంచుకుని చదివించిన బస్బీ సమాధి సమీపాన, నేలపలక మీద ఆయన పేరు చెక్కారు. ఆ మరుసటి సంవత్సరం హాంప్‌షైర్‌లోని ఒక ఇంటి అలమరలో హుక్ చేతివ్రాతతో 500 పుటలకు పైగా ఉన్న కాగితాల కట్ట దొరికింది. అందులో ఉన్నవి రాయల్ సొసైటీ సభల వివరాలు. దానిని సొసైటీ సుమారు పది లక్షల పౌండ్లకు కొని తన గ్రంథాలయానికి తెచ్చుకున్నది.